వడ్డీ తగ్గించినా ‘హాకిష్’ అంటారేం?

ప్రశ్న: 2024 డిసెంబరు 18న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) వడ్డీ రేటును పావు శాతం తగ్గించింది. తగ్గిస్తే డోవిష్ కదా! విశ్లేషకులు దాన్ని హాకిష్ అన్నారు, షేర్లూ పడ్డాయి. ఎందుకని?

జవాబు: ధరల పెరుగుదలను అణచడమే ముఖ్యం, అందుకు వడ్డీ భారం పెరిగినా, కొన్ని ఉద్యోగాలు పోయినా సరే అనేది హాకిష్ ధోరణి. ఉపాధి దెబ్బతినకూడదు, ధరల విషయంలో కాస్త ఓపిక పడదాం అనేది డోవిష్ ధోరణి. అయితే ఈ ముద్ర పడేది ఆ రోజు చేసిన పనిని బట్టి కాదు, ఇకముందు ఏం చేస్తామన్నారో దాన్ని బట్టి. పావు శాతం కోతను మార్కెట్ ముందే లెక్కేసుకుంది కాబట్టి అది వార్తే కాదు. అసలు వార్త, ముందుముందు రేటు ఎలా ఉండొచ్చో ఫెడ్ సభ్యులు చెప్పే అంచనాల పట్టికలో ఉంది. 2025లో నాలుగు కోతలు ఉంటాయని సెప్టెంబరులో సూచించినవాళ్లు, డిసెంబరుకు రెండింటికి దిగారు. సమావేశం ముగిశాక ఫెడ్ ఇచ్చే ప్రకటనలోనూ తదుపరి సర్దుబాట్ల గురించిన వాక్యంలో ‘ఎంత మేరకు, ఎప్పుడు’ అన్న మాటలు కొత్తగా చేరాయి. ఇక తొందరపడం అని దానర్థం. ఫెడ్ ప్రాంతీయ బ్యాంకుల్లో ఒకటైన క్లీవ్‌లాండ్ ఫెడ్ అధ్యక్షురాలు బెత్ హామక్ అయితే ఆ కోతే వద్దని ఓటేశారు. అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఆ రోజు 1,100 పాయింట్లకు పైగా పడింది.

ప్రశ్న: ఇలాంటి తేడాలు మాబోటివాళ్లు పట్టుకోవడమెలా?

జవాబు: పాత ప్రకటన, కొత్త ప్రకటన పక్కపక్కన పెట్టుకుని మారిన మాటల కింద గీత గీయండి. చాలా భాగం మక్కీకి మక్కీ అదే ఉంటుంది, అందుకే చిన్న మార్పుకూ అంత విలువ. 2023 డిసెంబరు ఫెడ్ ప్రకటనలో ‘అదనపు బిగింపు’కు (అంటే మరింత రేటు పెంపుకు) ముందు ‘ఏదైనా’ అన్న ఒక్క మాట చేర్చారు. పెంపులు ముగిసినట్టేనని మార్కెట్ అర్థం చేసుకుంది. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులో అప్పటి అధ్యక్షుడు ట్రిషే హయాంలో ‘గట్టి అప్రమత్తత’ అంటే వచ్చే సమావేశంలో పెంపు ఉందని గుర్తు. 2011 మార్చిలో ఆ మాట అన్నారు, ఏప్రిల్‌లో రేటు 1 నుంచి 1.25 శాతానికి చేరింది.

తర్వాత ఓట్లు చూడండి, ఎవరు ఏ వైపు విభేదించారో. ఫెడ్‌లో చర్చలో కూర్చునేది 19 మంది, ఓటుండేది 12 మందికే. ఓటు లేని సభ్యుడి ఘాటైన ప్రసంగాన్ని మొత్తం కమిటీ మాటగా తీసుకుని చాలామంది బోల్తా పడతారు. ప్రకటన వచ్చిన అరగంటకు ఛైర్మన్ ప్రెస్‌మీట్ ఉంటుంది. అక్కడ స్వరం తిరగబడడం కొత్తేమీ కాదు, కాబట్టి అది అయ్యేదాకా ఆగండి. అప్పుడు రెండేళ్ల ప్రభుత్వ బాండ్ రాబడి చూడండి. పెరిగితే హాకిష్‌గా, తగ్గితే డోవిష్‌గా మార్కెట్ తీసుకుందన్నమాట.

ప్రశ్న: రాజకీయాల్లోనూ ఇదే అర్థమా?

జవాబు: అక్కడ హాక్ అంటే బలప్రయోగం వైపు మొగ్గేవారు, డోవ్ అంటే చర్చల వైపు మొగ్గేవారు. 1812లో బ్రిటన్‌తో యుద్ధం కావాలన్న హెన్రీ క్లే వర్గాన్ని వార్ హాక్స్ అనేవారు. యుద్ధం విషయంలో హాక్ అయినవాడు వడ్డీ విషయంలోనూ హాకే అనుకోకండి. వియత్నాం మీద బాంబులు వేయించిన అమెరికా అధ్యక్షుడు నిక్సనే, 1972 ఎన్నికలకు ముందు వడ్డీ తక్కువగా ఉంచమని ఫెడ్ ఛైర్మన్ ఆర్థర్ బర్న్స్ మీద ఒత్తిడి తెచ్చాడు.