చిట్టీ ఎత్తి డ్రోన్ గాగుల్స్ కొనాలా? సైటున్న తమ్ముడికి జవాబు

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు రాశాడు. వయసు 28, లగ్గాల వీడియోలు తీస్తాడు. ముహూర్తాలున్న నెలల్లో బాగానే వస్తాయి, ఆషాఢంలోనూ మూఢాల్లోనూ చేతిలో పైసలు ఆడవు, సగటున ఖర్చులు పోను నెలకు 35 వేలు. ఇంటి ఖర్చు 22 వేలు, బ్యాంకులో 90 వేలు ఉన్నాయి, 2 లక్షల చిట్టీ ఒకటి నడుస్తోంది. బారాత్‌లో, ఫంక్షన్ హాల్ లోపల డ్రోన్ దూసుకుపోయే షాట్ల కోసం హైదరాబాద్ నుంచి పైలట్‌ను పిలిపిస్తే ఒక్కో లగ్గానికి 8 వేలు ఇవ్వాల్సి వస్తోంది, పోయిన ఏడాది అట్లా తొమ్మిది సార్లు పిలిపించాడు. దుబాయ్ పోతున్న దోస్తు దగ్గర చిన్న డ్రోన్, రిమోట్ కొనేశాడు. ఇక మిగిలింది డ్రోన్ కెమెరా చూపించేది చూస్తూ నడపడానికి కళ్లకు పెట్టుకునే వీడియో గాగుల్స్. సన్నటి రకం 62 వేలు చెప్పారట, పెద్ద డబ్బా రకం 24 వేలు. ఇబ్బంది ఏంటంటే అతనికి సైటు ఉంది: కుడి కన్ను మైనస్ 3.50, సిలిండర్ (కంటి వంపులో తేడాను సరిచేసే పవర్) మైనస్ 1.25, ఎడమ కన్ను మైనస్ 3.00, సిలిండర్ మైనస్ 0.50. దోస్తు గాగుల్స్ పెట్టుకుని చూస్తే అద్దాలతో లోపలికి పట్టలేదు, ముక్కు నొప్పి పుట్టింది, అద్దాలు తీస్తే అంతా మసక. "అక్కా, చిట్టీ ఎత్తేసి 62 వేలవి కొనేయనా?" అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, చిట్టీ ఎత్తొద్దు. 62 వేలవి ఇప్పుడు కొనొద్దు. కానీ డ్రోన్ ఆలోచన మానుకోమని మాత్రం చెప్పను, ఎందుకంటే ఏడాదికి 72 వేలు బయటికి ఇస్తున్నవాడివి, ఆ పని నేర్చుకోవాలనుకోవడం మంచి ఆలోచనే.

ముందు చిట్టీ సంగతి. 20 నెలలు, నెలకు 10 వేలు, ఏడు నెలలు కట్టావు, పాట ఇప్పుడు 40 వేల దాకా పోతోందని నువ్వే రాశావు. అంటే చేతికొచ్చేది 1,60,000. చివరిదాకా ఆగితే 5 శాతం కమీషన్ 10 వేలు పోను 1,90,000 వస్తుంది. తేడా 30 వేలు. పదమూడు నెలలు ముందు తీసుకున్నందుకు ఇది ఏడాదికి 17 శాతం వడ్డీ కిందికి వస్తుంది, మన లెక్కలో నూటికి రూపాయిన్నర కంటే కొంచెం తక్కువ. అదొక్కటే అయితే పర్లేదు అనేదాన్ని, కానీ నీకు కావాల్సింది 62 వేలే కదా, మిగతా 98 వేలు సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడుంటాయి, లేదంటే నెల తిరిగేలోపు ఇంకేదో కొనేస్తావు. మొత్తం 30 వేలు ఆ గాగుల్స్ నెత్తిన వేసి చూడు, వాటి అసలు ధర 92 వేలు. పైగా ఎత్తేటప్పుడు జమానతు ఇచ్చేవాళ్లను వెతుక్కోవాలి, వాళ్లకు నువ్వు మొహమాటపడి ఉండాలి.

ఇప్పుడు గాగుల్స్ దగ్గరికి వద్దాం. సైటున్నవాడికి వాటి ధర షాపువాడు చెప్పినంతే ఉండదు, అందుకే ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను. సన్నటి రకం గాగుల్స్‌లో అద్దాలు పెట్టుకోవడానికి చోటుండదు, దానికి బదులు ఒక్కో కన్నుకు ఒక్కో చిన్న చక్రం తిప్పి పవర్ సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. డీజేఐ అనే డ్రోన్ కంపెనీ మోడల్ గాగుల్స్ 2లో అది ప్లస్ 2 నుంచి మైనస్ 8 దాకా, 2024లో వచ్చిన గాగుల్స్ 3లో ప్లస్ 2 నుంచి మైనస్ 6 దాకా. నీ మైనస్ మూడున్నర దీంట్లో హాయిగా వస్తుంది. షాపువాడు కూడా ఇదే చెప్పి ఉంటాడు, అబద్ధం కాదు. కానీ ఆ చక్రం సిలిండర్ పవర్‌ను సరిచేయదు. నీ కుడి కన్నుకు 1.25 సిలిండర్ ఉంది, దాన్ని చిన్నది అనుకోకు. సిలిండర్ ఉన్న కన్నుకు ఒక వాలులో ఉన్న గీతలు తేటగా, ఇంకో వాలులోవి చెదిరినట్టు కనపడతాయి. ఫంక్షన్ హాల్లో నువ్వు తప్పించుకోవాల్సినవి ఏంటి? సీరియల్ లైట్ల తీగలు, పందిరి తాళ్లు, కరెంటు వైర్లు, అన్నీ సన్నటి గీతలే. అడ్డంగా ఉన్న తీగ ఒకటి కనపడకపోతే డ్రోన్ పోతుంది, లేదా కింద కూర్చున్న చుట్టం తల మీద పడుతుంది. స్క్రీన్ మూలన బ్యాటరీ అంకెలు కూడా అల్లుకుపోయినట్టు ఉంటాయి, వాటిని చదవడానికి కళ్లు చికిలించి చికిలించి రెండో బ్యాటరీకే తలనొప్పి మొదలవుతుంది.

కంటి డాక్టర్లు ఇలాంటప్పుడు వాడే ఒక లెక్క ఉంది, సిలిండర్‌లో సగం తీసి అసలు పవర్‌కు కలపడం. నీ కుడి కన్నుకు సుమారు మైనస్ 4, ఎడమకు మైనస్ 3.25 వస్తుంది. ఎడమ కన్నుకు ఆ పద్ధతి చాలు, అక్కడ సిలిండర్ అర పవరే కాబట్టి తేడా పెద్దగా తెలియదు. కుడి కన్నుకు మసక కొంత తగ్గుతుంది గానీ పోదు. అందుకే 62 వేలవి కొన్నా పని అక్కడితో అయిపోదు. వాటిలో బిగించుకునే లెన్సులు నీ పవర్‌తో విడిగా చేయించుకోవాలి, సిలిండర్‌తో పాటు యాక్సిస్ (ఆ సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే అంకె) కూడా చీటీలో రాయించి ఇవ్వాలి, బిగించేటప్పుడు లెన్సు కొంచెం తిరిగినా యాక్సిస్ తప్పిపోతుంది. సైటు మారినప్పుడల్లా మళ్లీ చేయించాలి. రేపు గాగుల్స్ అమ్మాలనుకుంటే ఆ లెన్సులు ఇంకొకరికి పనికిరావు. ఈ ఖర్చు షాపువాడి 62 వేలలో లేదు.

ఇంకొక కొలత: రెండు కనుపాపల మధ్య దూరం. నేను చెప్పిన ఆ రెండు గాగుల్స్‌లోనూ 56 నుంచి 72 మిల్లీమీటర్ల దాకా జరుపుకోవచ్చు, చాలామందికి సరిపోతుంది. కళ్లద్దాల షాపులో కొలిచి ఇస్తారు, అడిగి రాయించుకో. అది కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టినా బొమ్మ అంచులు మసకే.

డబ్బా రకం చూడ్డానికి మోటుగా ఉంటుంది, తెలుసు. లోపల ఒకటే పెద్ద స్క్రీన్, ముందు పెద్ద లెన్సు, వెనక అద్దాలతో సహా మొహం పట్టేంత జాగా. సిలిండర్, యాక్సిస్ ఏ లెక్కా అక్కర్లేదు, రోజూ పెట్టుకునే అద్దాలే ఆ పని చేస్తాయి. బరువు ఎక్కువే. డీజేఐ 2024 నవంబరులో తెచ్చిన డబ్బా రకం ఎన్3 సుమారు 536 గ్రాములు, గాగుల్స్ 3 సుమారు 470, గాగుల్స్ 2 దాదాపు 290. అయితే గాగుల్స్ 2లో బ్యాటరీ వైరుతో విడిగా జేబులో ఉంటుంది, అందుకే తల మీద అంత తేలిక, కాగితం మీద అంకెలు చూసి మోసపోకు. డబ్బా రకంలో నొప్పి పెట్టేది ఎక్కువగా అద్దాల కాడలే. దళసరి ప్లాస్టిక్ కాడలు పట్టీ కింద ఒత్తుకుని చెవుల పైన మంట పుడుతుంది. సన్నటి కాడలతో, చిన్న ఫ్రేముతో ఇంకో జత చేయించుకో, అది గాగుల్స్ కోసమే ఉంచు. పెట్టుకున్నాక నీ అద్దాలు లోపలి లెన్సుకు తగులుతున్నాయో లేదో వేలుతో తడిమి చూడు, తగిలితే రెండింటి మీదా గీతలు పడతాయి, అలాంటివి కొనొద్దు.

మూడో దారి కాంటాక్ట్ లెన్సులు. దీని గురించి నువ్వు రాయలేదు, కానీ నీ లెక్కకు ఇదే బాగా కుదురుతుందని నా అభిప్రాయం. సిలిండర్ ఉన్నవాళ్లకు టోరిక్ అనే రకం ఉంటుంది. రోజూ పెట్టుకోవాలంటే ఖర్చు భారం, నిజమే, కానీ నువ్వు డ్రోన్ ఎగరేసేది లగ్గం రోజుల్లోనే, అంటే ఏడాదికి పదో పదిహేనో రోజులు. ఒక్కసారి వాడి పారేసేవి ఆ రోజుల వరకే కొనుక్కుంటే సరిపోతుంది. అప్పుడు ఎవరి గాగుల్స్ అయినా పెట్టుకోవచ్చు. కళ్ల డాక్టర్ దగ్గర కొలత ఇప్పించుకుని, ట్రయల్ జత అడిగి, అవి పెట్టుకుని ఆ దోస్తు గాగుల్స్‌లో అరగంట చూడు. పొగ, దుమ్ము, ఎండ వేడిలో కళ్లు ఆరిపోతాయి, స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప కొట్టడం కూడా తగ్గుతుంది. అందుకని కొందరికి ఇవి పడవు, పడకపోతే పట్టుపట్టొద్దు. వాటితో నిద్రపోవద్దు, బారాత్ అయి ఇంటికొచ్చేసరికి తెల్లవారుజాము అయినా సరే తీసే పడుకో. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు 62 వేల ముందు ఏమీ కాదు.

(మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదవడానికి మాత్రమే అద్దాలు ఉండి, వాళ్లకు కూడా చూపించాలనుకుంటే, చాలావరకు అద్దాలు లేకుండానే కనపడుతుంది. గాగుల్స్‌లో బొమ్మ కళ్లకు దగ్గరగా ఉన్నట్టు అనిపించినా చూపు నిలిచేది కొన్ని అడుగుల దూరంలో.)

ఇప్పుడు పైసల ఏర్పాటు. నీ ఆదాయం నెలనెలా ఒకేలా రాదు కాబట్టి మూడు నెలల ఇంటి ఖర్చు, 66 వేలు, విడిగా పెట్టి దాన్ని ముట్టుకోవద్దు. 90 వేలలో మిగిలేది 24 వేలు. డబ్బా రకం ధర సరిగ్గా అంతే, కానీ ఆ 24 వేలూ ఈ వారమే తీసుకెళ్లి షాపులో పెట్టమని చెప్పడం లేదు. రిమోట్ ఎలాగూ ఉంది, దాన్ని కంప్యూటర్‌కు తగిలించి లిఫ్టాఫ్, వెలాసీడ్రోన్ లాంటి సిమ్యులేటర్‌లో ముందు నేర్చుకో. స్క్రీన్ మీద ఎన్నిసార్లు కూలినా రూపాయి పోదు. చేతికి పట్టు వచ్చాక కొను. కొనేముందు ఆ డ్రోన్‌ను షాపుకు పట్టుకెళ్లి కనెక్ట్ చేయించి చూడు, ఎందుకంటే ఒక కంపెనీ డిజిటల్ వీడియో ఇంకో కంపెనీ గాగుల్స్‌లో రాదు, డీజేఐ డ్రోన్‌కు వాక్‌స్నెయిల్ అనే ఇంకో కంపెనీ గాగుల్స్ కొంటే నల్ల తెరే మిగులుతుంది. నువ్వు ఆ డ్రోన్‌లో ఏ సిస్టం ఉందో రాయలేదు, ముందు అది తెలుసుకో. బిల్లు లేకుండా కొనకు. బయటి దేశాల రెడీమేడ్ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరి 9న ఆపేసింది, విడిభాగాలకు అడ్డు లేదు, అందుకే ఈ సామాన్లు చాలావరకు చేతులు మారి వస్తాయి, వారంటీ ఎవరిదో అడిగితే సమాధానం ఉండదు. ఇంకో మాట, ఏ గాగుల్స్ అయినా లెన్సులు ఎండకు ఎదురుగా పెట్టి వదలొద్దు, లెన్సు ఎండను ఒకచోటికి చేర్చి లోపలి స్క్రీన్‌ను కాల్చేస్తుంది. కవర్ వేసే అలవాటు చేసుకో.

నీ 72 వేల లెక్కలో రానివి కొన్ని ఉన్నాయి. డ్రోన్ 250 గ్రాములు దాటితే, డబ్బు తీసుకుని పని చేస్తున్నావు కాబట్టి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పదో తరగతి పాసై శిక్షణ పూర్తి చేయాలి. డ్రోన్‌ను ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించి నంబర్ తీసుకోవాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టాలి. రూల్స్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా పోవచ్చు. ప్రీ వెడ్డింగ్ షూట్ అనగానే అందరూ ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి, రామప్ప అంటారు, అవి పురావస్తు శాఖ కింద ఉన్నవి, అనుమతి లేకుండా అక్కడ ఎగరేయొద్దు. మామునూరు విమానాశ్రయం వైపు పోయేముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకో. గాగుల్స్ పెట్టుకున్నాక నీకు చుట్టుపక్కల ఏదీ కనపడదు, పక్కన మామూలు కళ్లతో డ్రోన్‌ను చూస్తుండే మనిషి ఒకరు ఉండాలి, అతని కూలీ కూడా లగ్గం రేటులో కలుపు. అందుకని మొదటి సీజన్‌లో పైలట్ ఖర్చు సగం మిగిలినా సంతోషపడు, పూర్తిగా మిగులుతుందని ఎవరికీ మాట ఇవ్వకు.

నీకూ అమ్మకూ హెల్త్ ఇన్సూరెన్స్ లేదని చివర్లో ఒక్క ముక్కలో రాశావు, నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, ఇంతకుముందు 18 శాతం ఉండేది. వచ్చే సీజన్ మొదటి రెండు లగ్గాల పైసల్లో ముందు ఆ ప్రీమియం కట్టు. ఆ తర్వాత పైలట్‌ను పిలిపించని ప్రతి లగ్గానికీ 4 వేలు విడిగా తీసిపెట్టు, చిట్టీని చివరిదాకా నడవనివ్వు. చిట్టీ పైసలు వచ్చే నాటికి కూడా సన్నటి గాగుల్సే కావాలనిపిస్తే, ఆ విడిగా తీసిపెట్టిన డబ్బుతో, తక్కువైతే చిట్టీ పైసల్లోంచి కొంత కలిపి కొను, లెన్సులు యాక్సిస్‌తో చేయించి బిగించు. అప్పటికి మోడళ్లు మారి ఉంటాయి, నీ సైటు కూడా మారి ఉండొచ్చు, కొనే వారంలోనే కళ్లు మళ్లీ చూపించుకుని కొత్త చీటీతో వెళ్లు.