గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత పిండిపదార్థాల లెక్క సరిగ్గా ఉన్నా కడుపు ఎందుకు ఉబ్బుతుంది?

బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసి ప్రేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నాక రోజుకు 30 గ్రాముల పిండిపదార్థాలు దాటకుండా చూసుకుంటున్నారు, పీచునూ షుగర్‌ఫ్రీ మిఠాయిల్లోని తీపినీ ఆ లెక్కలోంచి తీసేస్తున్నారు, అయినా కడుపుబ్బరం, నీళ్ల విరేచనాలు తగ్గడం లేదని మీరు రాశారు. నాది మహబూబ్‌నగర్. నేనూ ఇదే ఆపరేషన్ చేయించుకున్నాను. మీరు లెక్కలోంచి తీసేస్తున్న పదార్థమే మిమ్మల్ని బాధపెడుతున్నదని నా అనుమానం.

షుగర్‌ఫ్రీ బిస్కెట్లు, చాక్లెట్లు, మిఠాయిల్లో తరచూ వాడే మాల్టిటాల్, సార్బిటాల్ చిన్నప్రేగులో పూర్తిగా ఇంకవు. మిగిలినది నీటిని లాగుకుంటూ పెద్దప్రేగుకు చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దానిని పులియబెట్టడంతో గ్యాస్ పుడుతుంది. దీనిని సున్నాగా లెక్కించడమూ సరికాదు, ఎందుకంటే మాల్టిటాల్ గ్రాముకు సుమారు 2 కేలరీలు ఇస్తుంది. ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాల్లో ఈ పేర్లు గానీ, ఈ రకం తీపి పదార్థాల ఉమ్మడి పేరైన పాలియాల్స్ అన్న మాట గానీ కనిపిస్తే కొన్నాళ్లు పూర్తిగా మానేసి చూడండి. నాకు ఈ ఒక్క మార్పుతోనే ఉబ్బరం చాలావరకు తగ్గింది.

ఇక అంకె ఒకటే అయినా కడుపు అన్నిటినీ ఒకేలా తీసుకోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 40 గ్రాముల జొన్నపిండిలోనూ, 35 గ్రాముల బియ్యంలోనూ పీచు కాక సుమారు 27 గ్రాముల పిండిపదార్థాలే ఉంటాయి, కానీ జొన్నల్లో పీచు 4 గ్రాములు, బియ్యంలో ఒక్క గ్రామే. అలాగని ఎండు రొట్టె తినమని చెప్పను, అది చిన్న కడుపులో అడ్డుపడినట్లు అనిపిస్తుంది. పలుచని జొన్నరొట్టెను పప్పులో బాగా నాననిచ్చి, మెత్తగా నమిలి, సగంతో ఆపడం నాకు పడింది. అంతకంటే ముందు గుడ్డో, చికెనో, పెసరపప్పో తినాలి. నా డైటీషియన్ పిండిపదార్థాలకు అంకె పెట్టలేదు గానీ, రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలని గట్టిగా చెప్పారు, ఆ సలహా ఎంత విలువైనదో తింటున్నకొద్దీ తెలిసింది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది తాగే తీపి విషయంలో. బైపాస్ తర్వాత ఆహారం జీర్ణాశయం కింది ద్వారం గుండా పోకుండా నేరుగా చిన్నప్రేగులో పడుతుంది. గాఢమైన చక్కెర అక్కడికి ఒక్కసారిగా చేరితే ప్రేగులోకి నీరు ఊరి, 10 నుంచి 30 నిమిషాల్లో కడుపునొప్పి, చెమట, గుండెదడ, విరేచనం మొదలవుతాయి. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత ఇన్సులిన్ ఎక్కువై రక్తంలో చక్కెర పడిపోవడం, చేతులు వణకడం మరో రకం. ఈ రెండింటినీ డంపింగ్ అంటారు. మన దగ్గర ఎవరింటికి పోయినా నల్లగొండ బత్తాయి రసంలో చక్కెర వేసి ప్రేమగా గ్లాసు చేతిలో పెడతారు, దానికి మర్యాదగా వద్దనడమే మేలు. బత్తాయి తొనలు నమిలి తింటే నాకు ఏ ఇబ్బందీ లేదు. బాలానగర్ సీతాఫలం మాత్రం 100 గ్రాముల గుజ్జులోనే 20 గ్రాములు దాటిన పిండిపదార్థాలున్న పండు, అందుకే రెండు మూడు చెంచాలతో సరిపెడతాను.

నీళ్లు భోజనంతో కలిపి తాగకుండా, తిన్న అరగంట తర్వాత గుటకలుగా తాగండి. పాలు పడకపోతే పెరుగు ప్రయత్నించండి, ఆపరేషన్ తర్వాత పాలలోని లాక్టోజ్ కొందరికి అరగదు.

షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే పిండిపదార్థాలను సొంతంగా ఇంకా తగ్గించకండి, మోతాదు మార్చవలసింది డాక్టరే. షుగర్‌ఫ్రీ తీపి మానేశాక కూడా విరేచనాలు ఆగకపోతే చిన్నప్రేగులో బ్యాక్టీరియా పెరగడం వంటి వేరే కారణం ఉండవచ్చు కాబట్టి, రోజూ తిన్నవి, బాధ మొదలైన సమయం ఒక కాగితంపై రాసుకుని మీ సర్జన్‌ను కలవండి. వాంతులు పదేపదే అవుతుంటే మాత్రం ఆలస్యం చేయవద్దు, బి1 విటమిన్ లోపించి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.