డొమినికాలో సోలార్ కాటేజీ: మోసుకెళ్లేవి తక్కువ, ముందే అడగాల్సినవి ఎక్కువ

మీరు అడిగింది ఇదీ: అమెరికా నుంచి పిల్లలతో కలిపి నలుగురు, కరీబియన్ దీవి డొమినికాలో అడవి అంచున సోలార్ మీద నడిచే కాటేజీ, వంట మనమే చేసుకోవాలి, వారం రోజులు. ఏమేం సర్దుకోవాలి? తిండి గురించి అంత దిగులు అక్కర్లేదు. మనవాళ్లు తడబడేది కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి దగ్గర. ఆ మూడూ ఓనర్‌ని అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

అంతకంటే ముందు టికెట్. డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. మీరు దిగాల్సింది డగ్లస్-చార్లెస్ విమానాశ్రయం, కోడ్ డి.ఓ.ఎం. మయామీ నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్ నేరు విమానం 2021 డిసెంబర్‌లో మొదలైంది. డొమినికాలోకి వెళ్లడానికి భారత పాస్‌పోర్టుకి ముందస్తు వీసా అడగరు. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. హెచ్-1బి (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల కుటుంబ వీసా) వాళ్లకి పాస్‌పోర్టులో వేసిన వీసా స్టాంప్ గడువు దాటిపోయి ఉంటే, కెనడా, మెక్సికో వెళ్లొచ్చినట్టు ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు) చూపించి వెనక్కి రావడం ఇక్కడ కుదరదు. ఆ వెసులుబాటు కరీబియన్ దీవులకి వర్తించేది ఎఫ్ (చదువు), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకే. మీ స్టాంప్ తేదీ ఇవాళే చూసుకోండి.

ఇక కరెంటు. దీవిలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్, ఎక్కువగా బ్రిటిష్ మూడు పలక పిన్నుల సాకెట్. అంటే ఇండియాలో కొన్న మిక్సీ అడాప్టర్ పెడితే నడుస్తుంది. అమెరికాలో కొన్న 110 వోల్టుల మిక్సీ, రైస్ కుక్కర్ పెడితే కాలిపోతాయి. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకి ఏ ఇబ్బందీ లేదు, వాటి మీద 100-240 అని రాసి ఉంటుంది.

సోలార్ ఇంట్లో అసలు ప్రశ్న వేరే. ఓనర్‌ని రెండు అంకెలు అడగండి: ఇన్వర్టర్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎంత. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉందనుకోండి. కాగితం మీద 2,400 వాట్-అవర్లు, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం. చిన్న ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 500 పైన తినేస్తుంది. మిగిలినదాంట్లో ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్లు హాయిగా నడుస్తాయి. కెటిల్, హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె నడవవు. మిక్సీది విచిత్రమైన కేసు. మూడు నిమిషాలు పచ్చడి రుబ్బితే అది తినే కరెంటు నామమాత్రం. కానీ మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో రెండు మూడింతలు లాగుతుంది. సరిగ్గా అప్పుడే ఫ్రిజ్ కంప్రెసర్ కూడా ఆన్ అయిందా, 1,000 వాట్ల ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. అందుకే ఫ్రిజ్ ప్లగ్ తీసి, మిక్సీ వేసుకుని, మళ్లీ పెట్టండి. అదీ ఉదయం పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య, ఎండ ఉన్నప్పుడు. కొండల మీద మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మేయడం మామూలే, ఆ తర్వాత ఛార్జింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు. డాబా మీది సోలార్ హీటర్ నీళ్లు సాయంత్రానికి కాగి ఉంటాయి, తెల్లారేసరికి చల్లారిపోతాయి. స్నానాలు సాయంత్రానికి మార్చుకుంటే పేచీ ఉండదు.

పొయ్యి సాధారణంగా గ్యాసే, 20 పౌండ్ల సిలిండర్. మన గృహావసర సిలిండర్ కంటే చిన్నది. నిండుగా ఉందో లేదో వెళ్లిన రోజే ఎత్తి చూడండి, రెండోది ఎక్కడుందో అడగండి.

నీళ్లకి దీవిలో కరువు లేదు, వానలు ఎక్కువ. అయితే ఎక్కువ వానే ఇబ్బంది పెడుతుంది. జోరువాన పడితే వాగుల్లోకి మట్టి దిగుతుంది, సరఫరా ఆగుతుంది లేదా బురదగా వస్తుంది. ఇంట్లో ఎప్పుడూ 20 లీటర్లు పట్టి ఉంచండి. కాటేజీ నీళ్లు ఊరి పైపువా, వాననీటి ట్యాంకువా, వాగువా అని అడగండి. చివరి రెండింట్లో ఏదైనా అయితే తాగే నీళ్లు మరిగించాల్సిందే, ఫిల్టర్ ఉన్నా సరే.

మరుగుదొడ్డి గురించి అడగడానికి మొహమాటపడతారు, కానీ ముందే తేల్చుకోవాల్సింది ఇదే. చాలా ఎకో కాటేజీల్లో నీళ్లు పోయని కంపోస్ట్ టాయిలెట్ ఉంటుంది. రంపపు పొట్టో, కొబ్బరి పీచు పొడో వేసి కప్పాలి. మనం నీళ్లతో కడుక్కుంటాం, నలుగురు రోజూ చెంబుల కొద్దీ నీళ్లు పోస్తే లోపల గాలి ఆడక కుళ్లి కంపు కొడుతుంది. రెండో రోజుకే ఓనర్ తలుపు కొడతాడు. మగ్గుకి బదులు చిన్న పిచికారీ సీసా పట్టుకెళ్లండి, మనిషికి ఒక గ్లాసు నీళ్లు మించకుండా సరిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత పొట్టు రెండు దోసిళ్లు ఎక్కువే వేయండి. ఫినాయిల్, హార్పిక్ లాంటివి పోయొద్దు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. ఇది నచ్చకపోతే సెప్టిక్ ట్యాంక్ ఉన్న కాటేజీ చూసుకోండి, అందులో తప్పేం లేదు.

వంటింటి సింకు నీళ్లు చాలా చోట్ల అరటి పాదుల్లోకి వదులుతారు. పప్పు కడిగిన నీళ్లు పర్లేదు, బూరెలు వేయించిన నూనె వద్దు.

ఇప్పుడు బజారు. రాజధాని రోజోలో నది సముద్రంలో కలిసే చోట సంత ఉంది. శనివారం తెల్లవారుజామున పెద్దగా జరుగుతుంది, తొమ్మిదయ్యేసరికి మంచి సరుకు వెళ్లిపోతుంది. డాషీన్ అంటే మన చేమదుంపే. దాని ఆకుతో వాళ్లు కాలలూ అనే సూప్ వండుతారు. మీరు పులుసు పెట్టుకోవచ్చు, కాకపోతే చింతపండు వేసి అరగంట పైన ఉడికించాలి. సగం ఉడికింది రుచి చూస్తే గొంతు దురద పుడుతుంది. గ్రీన్ ఫిగ్ అని అమ్మేది పచ్చి అరటికాయ. క్రిస్టోఫీన్ మన బెంగళూరు వంకాయ, బ్రెడ్‌ఫ్రూట్ సీమపనస. సీమపనస కోసేముందు కత్తికీ చేతికీ నూనె రాసుకోండి, జిగురు వదలదు. ఏడాది మొదటి నెలల్లో వెళ్తే పచ్చి కందికాయలు దొరుకుతాయి. క్రిస్మస్ ముందు సారెల్ వస్తుంది. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే, కానీ వాళ్లు వాడేది ఆకు కాదు, పువ్వు రాలాక కాయని చుట్టి ఉండే ఎర్రటి రేకులు. పానకంలా చేసుకుని తాగుతారు. ఆ రేకులు వేయించి నూరితే పచ్చడి చక్కగా వస్తుంది.

మిరపకాయల దగ్గర జాగ్రత్త. స్కాచ్ బోనెట్ ఒక్కటి మన పచ్చిమిరపకాయలు అయిదారుకి సమానం. అచ్చం అలాగే ఉండే సీజనింగ్ పెప్పర్‌కి వాసనే తప్ప కారం ఉండదు. ఏది ఏదో అమ్మేవాళ్లని అడిగి కొనండి.

దొరకనివి కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ, మన కారం. కంపెనీ సీలు వేసిన ప్యాకెట్లలోనే పట్టుకెళ్లండి. వారానికి నలుగురికి కిలో కందిపప్పు, అరకిలో పెసరపప్పు చాలు. పచ్చి కరివేపాకు, నాటే విత్తనాలు వద్దు, తనిఖీలో తీసేసుకుంటారు. మూడు లీటర్ల కుక్కర్ చెక్-ఇన్ పెట్టెలో వేసుకుంటే గ్యాస్ కలిసొస్తుంది. అప్పడాలు ఆ తేమకి ఒక్క రోజులో మెత్తబడతాయి, చీమలు చక్కెరని వదలవు. మూత బిగుతుగా ఉండే డబ్బాలు నాలుగు ఉండాలి.

వాటన్ వేవన్ అనే ఊళ్లోని గంధకపు వేడినీటి గుంటలకి ఎలాగూ వెళ్తారు. దిగేముందు వెండి పట్టీలు, మెట్టెలు తీసేయండి, నల్లబడిపోతాయి.

కారు అద్దెకి తీసుకుంటే ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి. ఇండియాలో లాగే ఎడమవైపు నడపాలి, స్థానిక పర్మిట్ కారు ఇచ్చేవాళ్లే ఏర్పాటు చేస్తారు. డాలరుకి 2.70 తూర్పు కరీబియన్ డాలర్లు, ఈ రేటు మారదు. సంతలో చిన్న నోట్లు కావాలి. బస్సులు హెచ్ అక్షరంతో మొదలయ్యే నంబరు ప్లేటున్న చిన్న వ్యాన్లు. చీకటి పడ్డాక, ఆదివారాలు దాదాపు ఉండవు. విమానాశ్రయం నుంచి రోజోకి కొండదారిలో గంట పైనే. తిరుగు ఫ్లైట్ ఆదివారమైతే డ్రైవర్‌తో శనివారం సంతకి వెళ్లినప్పుడే మాట్లాడుకోండి.