అప్పు పాఠం చెప్పబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. అప్పు, పరపతి, దివాలా అనే మూడు అంశాలూ ఈ ఏడాది నీ తరగతికి వచ్చాయనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. నిర్వచనాలతో మాత్రం మొదలుపెట్టకు. అసలు పాఠం కంటే ముందు ఒక సంగతి మనసులో ఉంచుకో. నువ్వు ఏ తరగతిలోకి అడుగుపెట్టినా అక్కడి పిల్లల్లో కొందరి ఇళ్లలో అప్పటికే అప్పుల బాధ ఉంటుంది. ఫోను మోగగానే తండ్రి బయటికి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడటం, తలుపు చప్పుడైతే తల్లి ఉలిక్కిపడటం వాళ్లు చూస్తూనే ఉంటారు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి అని నువ్వు బోర్డు మీద రాసిన మరుక్షణం ఆ పిల్లలు తల దించుకుంటారు. ఆ తర్వాత నువ్వు చెప్పే వడ్డీ లెక్క వాళ్ల చెవికెక్కదు. సిగ్గుపడుతున్న పిల్లవాడు ప్రశ్న అడగడు. ఈ పాఠం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే దూరమైపోతారు.

అందుకని మీ ఇంట్లో అప్పులున్నాయా అని ఎప్పుడూ అడగవద్దు. ప్రాజెక్టు పేరుతోనైనా సరే, ఇంటి జమాఖర్చులు రాసుకురమ్మని అనవద్దు. ఒక కల్పిత కుటుంబాన్ని నువ్వే తయారుచేసి, దాని ఆదాయం, ఖర్చులు, అప్పులు ఒక కాగితం మీద రాసి అందరికీ ఇవ్వు. ఆ కుటుంబానికి అప్పు ఎందుకైందంటే దుబారా వల్లనే అని మాత్రం రాయకు. జబ్బు, ఉద్యోగం పోవడం, వ్యాపారం దెబ్బతినడం, భార్యాభర్తలు విడిపోవడం, ఇలాంటివే ఎక్కువమందిని అప్పుల్లోకి నెట్టేవి. కారణాల్లో దుబారా కూడా ఒకటిగా ఉండనీ, అదొక్కటే కాకుండా చూడు.

మొదటి వారం లెక్కకే కేటాయించు. సూత్రమూ నువ్వే చెప్పి జవాబూ నువ్వే చూపిస్తే ఏమీ నిలవదు. నెలనెలా వాళ్ల చేతే వేయించాలి. నేను ఏటా ఇస్తూ వచ్చిన లెక్క ఒకటి రాస్తున్నాను. క్రెడిట్ కార్డు మీద లక్ష బాకీ ఉంది. వడ్డీ నెలకు 3 శాతం. నెలాఖరున వడ్డీ కలిపాక తేలిన బాకీలో 5 శాతం కనీస చెల్లింపుగా కట్టాలి. కార్డు మీద కొత్తగా ఏమీ కొనరు. తరగతిని రెండు జట్లు చెయ్యి. మొదటి జట్టు ప్రతి నెలా అప్పటి బాకీలో 5 శాతమే కట్టుకుంటూ పోవాలి. రెండో జట్టు మొదటి నెల కట్టిన 5,150నే ప్రతి నెలా మార్చకుండా కట్టాలి. మొదటి నెల చివర ఇద్దరి కాగితాల మీదా ఒకే అంకె ఉంటుంది, 97,850. తేడా ఏముందని పిల్లలు అనుకుంటారు. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టు దాదాపు 55,000 కట్టి ఉంటుంది. అసలులో తగ్గింది మాత్రం 23,000 లోపే. మిగతా 32,000 వడ్డీకే పోయింది. ఇక రెండో జట్టు బాకీ 30వ నెలతో పూర్తిగా తీరిపోతుంది. అదే 30వ నెలలో మొదటి జట్టు కాగితం మీద ఇంకా 52,000 పైచిలుకు మిగిలే ఉంటుంది.

ఇక్కడ గొడవ మొదలవుతుంది. ఎక్కడో తప్పు చేశామని మొదటి జట్టు మళ్లీ వేయడం మొదలుపెడుతుంది. వేయనివ్వు, గంట అయిపోయినా ఆపకు. బాకీ తగ్గేకొద్దీ కట్టవలసిన మొత్తమూ తగ్గిపోతోందనీ, ఆ వెసులుబాటే అప్పును ఏళ్ల తరబడి సాగదీస్తోందనీ ఎవరో ఒక పిల్లవాడు కనిపెడతాడు. ఆ మాట నీ నోటి నుంచి రాకూడదు, వాళ్లలో ఒకరి నోటి నుంచే రావాలి.

తర్వాత వడ్డీ ఎలా చెబుతారన్నది చూపించు. నూటికి రెండు అంటే నెలకా, ఏడాదికా అని అడగడం అలవాటు చెయ్యి. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, వడ్డీ మీద వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువ. అలాగే ఫ్లాట్ వడ్డీ. లక్షా ఇరవై వేలు 12 శాతం ఫ్లాట్ వడ్డీకి ఏడాదికి తీసుకుంటే వడ్డీ 14,400, నెలసరి వాయిదా 11,200. నెలనెలా అసలు తగ్గుతూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొత్తం అసలు ఏడాదంతా మన దగ్గరే ఉన్నట్టు వేశారు. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. రెండు అప్పులను పోల్చాలంటే రెండింటినీ ఒకే పద్ధతిలోకి మార్చి చూడాలన్నది వాళ్లకు ఒంటబట్టాలి.

పరపతి స్కోరుకు, అంటే అప్పు ఇస్తే వేళకు కడతాడా అని అంచనా వేసే అంకెకు, ఒక పూట చాలు. అమెరికాలో ఫైకో స్కోరు 1989లో వచ్చింది, 300 నుంచి 850 వరకు ఉంటుంది. ఇతర దేశాల్లో కొలతలు వేరైనా పద్ధతి దాదాపు ఒకటే. వాయిదాలు వేళకు కట్టారా, ఉన్న పరిమితిలో ఎంత వాడేశారు అన్నవే అందులో పెద్ద వాటా. అది మనిషి ఆస్తినీ, వ్యక్తిత్వాన్నీ కొలిచేది కాదని గట్టిగా చెప్పు. చేతిలో డబ్బుండి కూడా బిల్లు మరిచిపోయినవాడి స్కోరు పడిపోతుంది, తక్కువ సంపాదనతో వేళకు కట్టేవాడిది నిలబడుతుంది. చాలా దేశాల్లో తన నివేదిక తాను తెప్పించుకుని చూసుకునే హక్కు, తప్పులుంటే సరిచేయించుకునే హక్కు ఉన్నాయి. పిల్లలు గుర్తుంచుకోవలసింది ఇదే.

హామీ సంతకం గురించి మాత్రం తొందరపడకుండా చెప్పు. కళాశాల దాటిన ఏడాదికే ఎవరో స్నేహితుడు వచ్చి, ఊరికే సంతకమే కదా అంటాడు. అసలు బాకీదారు కట్టకపోతే హామీదారు కట్టాలి, చాలా ఒప్పందాల్లో అప్పిచ్చినవాడు నేరుగా హామీదారు దగ్గరికే రావచ్చు. బాకీదారు దివాలా తీసి బయటపడినా హామీదారు మీద బాకీ సాధారణంగా అలాగే ఉంటుంది. ఒక నిజమైన ఒప్పంద పత్రం తెచ్చి, అందులో ఈ షరతు ఎక్కడుందో వెతకమను. ఎంత చిన్న అక్షరాల్లో, ఎన్నో పేజీలో ఉందో వాళ్లే చూస్తారు.

ఇక దివాలా. ఐపీ పెట్టాడు, అంటే అప్పులు తీర్చలేనని కోర్టుకెక్కాడు, అనే మాట పెద్దవాళ్ల నోట తిట్టులాగే వినపడుతుంది, పిల్లలు ఆ భావంతోనే తరగతికి వస్తారు. దాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేవు. పంపకం చేయించు. ఒక మనిషికి తాకట్టులో ఉన్న వాహనం ఉంది, విలువ రెండు లక్షలు. అది కాక చేతిలో లక్ష ఉంది. వాహనం మీద అప్పు రెండున్నర లక్షలు, కార్డు బాకీ మూడు లక్షలు, స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు లక్ష, దుకాణం బాకీ యాభై వేలు. తలా ఒక రుణదాత వేషం వేయించు, ఒకరిని న్యాయమూర్తిని చెయ్యి. తాకట్టు ఉన్నవాడు ముందుగా వాహనం అమ్మిన రెండు లక్షలు తీసుకుంటాడు. అతనికి రావలసిన మిగతా యాభై వేలు తాకట్టు లేని బాకీల్లో కలుస్తాయి. ఇప్పుడు ఐదు లక్షల బాకీకి ఉన్నది లక్ష. అంటే నూటికి ఇరవై. ఖర్చులు, ముందుగా చెల్లించవలసిన బాకీలు ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదని చెప్పి పెట్టు.

కష్టకాలంలో వడ్డీ లేకుండా లక్ష ఇచ్చిన స్నేహితుడి చేతికి ఇరవై వేలు వస్తాయి. అన్యాయం అని తరగతి మొత్తం అరుస్తుంది. అరవనివ్వు. తర్వాత అడుగు: ఆ మనిషి కోర్టుకు వెళ్లే ముందు రోజు గుట్టుగా స్నేహితుడికి లక్షా ఇచ్చేసి ఉంటే? మంచిదే అంటారు. మరి దుకాణదారుకు ఏం మిగిలింది? అతనికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు కదా? అందుకే చాలా దేశాల చట్టాలు అలాంటి ముందస్తు చెల్లింపులను రద్దు చేసి, ఆ డబ్బు వెనక్కి రప్పిస్తాయి. గట్టిగా కేకలు వేయగలిగినవాడికీ, చుట్టరికం ఉన్నవాడికీ కాకుండా అందరికీ దామాషాలో పంచడం దివాలా చట్టం చేసే మొదటి పని. నిజాయితీగా ఉన్నదంతా చూపించిన బాకీదారును మళ్లీ బతకనివ్వడం రెండో పని. ఈ రెండూ ఒకే కాగితం మీద కనిపించాక పిల్లలు ఆ మాటను తిట్టుగా వాడటం తగ్గుతుంది. తరగతిలో నేను చూసింది ఇది.

చరిత్ర కొంచెం చెప్పు, ఎక్కువ వద్దు. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దపు బాబిలోను రాజు హమ్మురాబి శాసనంలోనే, పంట పోయిన ఏడాది రైతు అప్పు కట్టనక్కరలేదనీ, ఆ ఏటి వడ్డీ కూడా లేదనీ ఉంది. ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్సులో చట్టాలు చేసిన సోలోన్, మనిషి శరీరాన్నే తాకట్టుగా రాయించుకునే అప్పులను క్రీస్తుపూర్వం 594 ప్రాంతంలో నిషేధించాడు. అయినా ఇంగ్లండులో బాకీదారులను జైల్లో పెట్టడం చాలావరకు ఆగింది 1869 చట్టంతోనే. సహకరించిన బాకీదారుకు అప్పు మాఫీ చేసిన 1705 నాటి ఇంగ్లిషు చట్టమే, మోసం చేసినవాడికి మరణశిక్ష కూడా పెట్టింది. ఈ ఒక్క వాక్యం మీద పిల్లలు గంటసేపు వాదించుకుంటారు.

అబ్రహాం లింకన్ కథ నువ్వు తప్పక విని ఉంటావు. అతని దుకాణం మూతపడింది, భాగస్వామి చనిపోయాడు, అతని వాటా బాకీ కూడా లింకన్ నెత్తిన పడింది, ఏళ్ల తరబడి కట్టి తీర్చాడు. ఉపాధ్యాయులు ఇక్కడితో ఆపేస్తారు. అలా ఆపితే, కట్టలేకపోయినవాడు చెడ్డవాడు అనే అర్థమే మిగులుతుంది. అదే లింకన్ న్యాయవాదిగా, అమెరికాలో 1841లో వచ్చిన దివాలా చట్టం కింద బాకీదారుల కేసులు చేపట్టాడు. తన అప్పు తాను తీర్చుకున్న మనిషే, తీర్చలేనివాళ్లకు చట్టం తెరిచిన దారి చూపించాడు. రెండు భాగాలూ చెప్పు, లేదా కథే ఎత్తకు.

అలాగని దివాలా తేలికైన మార్గం అనిపించేలానూ చెప్పకూడదు. ఆస్తి పోవచ్చు. పరపతి నివేదికలో ఆ మచ్చ ఏళ్లపాటు ఉంటుంది. అమెరికాలో పదేళ్ల వరకు ఉండవచ్చు. పిల్లల పోషణకు ఇవ్వవలసిన డబ్బు, నేరానికి వేసిన జరిమానా, మోసం చేసి తెచ్చుకున్న అప్పు వంటివి సాధారణంగా దివాలాతో పోవు. నియమాలు దేశదేశానికీ మారతాయి కాబట్టి, మీ పిల్లలు ఏ చట్టం కింద బతుకుతారో ఆ చట్టం ప్రస్తుత పాఠం తెప్పించుకుని చదివాకే తరగతికి వెళ్లు. పాత పాఠ్యపుస్తకాన్ని నమ్ముకోవద్దు.

ఇంకొకటి. ఈ పాఠం అయ్యాక ఒకరో ఇద్దరో పిల్లలు సంచి సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఆగిపోతారు. మా నాన్న అప్పు నేను కట్టాలా అని అడుగుతారు. చాలాసార్లు వాళ్ల అసలు భయం ఇదే. వివరాలు గుచ్చి గుచ్చి అడగకు. సంతకం పెట్టని అప్పుకు, తల్లిదండ్రులు బతికుండగా పిల్లలు సాధారణంగా బాధ్యులు కారు. వాళ్ల తదనంతరం కొన్ని దేశాల్లో వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత, మరికొన్ని చోట్ల గడువులోగా వారసత్వాన్ని కాదనుకునే హక్కు ఉంటుంది. జపాన్‌లో ఆ గడువు మూడు నెలలు. ఇది చెప్పి, ఉచిత న్యాయ సహాయం, అప్పుల సలహా ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం లేదా సేవాసంస్థ చిరునామా ఇవ్వు. చిరునామాలు ముందే కనుక్కుని ఉంచుకో. నువ్వే అప్పు తీర్చడానికి పూనుకోకు, ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడతానని మాట ఇవ్వకు. పిల్లవాడు చెప్పింది స్టాఫ్ రూములో పొరపాటున కూడా ఎత్తకు. కాని ఇంటికి బెదిరింపులు వస్తున్నాయనో, పిల్లవాడికే ప్రమాదం ఉందనో అనిపిస్తే మాత్రం వెంటనే ప్రధానోపాధ్యాయులకు చెప్పాలి. అలా చెప్పబోతున్న సంగతి పిల్లవాడికీ ముందుగా చెప్పు.

పరీక్షలో పరపతి అనగానేమి వంటి ప్రశ్నలు పెట్టకు. రెండు పేజీల అప్పు పత్రం ఇచ్చి, మొత్తం ఎంత కట్టాలి, ఒక వాయిదా తప్పితే ఏమవుతుంది, ఎవరెవరు బాధ్యులు అని అడుగు. ఆ పత్రం తయారుచేశాక నాకొక ప్రతి పంపు, లెక్కలు సరిచూసి పెడతాను.

శుభం.