గార్గానెగా తోట చేపట్టిన మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి మేనమామ ఆశీస్సులు.

ఇటలీలోని సొవావే కొండ వాలులో ఉన్న మీ అత్తవారి ద్రాక్షతోట, వైన్ తయారుచేసి నిలవ ఉంచే సెల్లారు ఈ ఏడాది నుంచి నీ చేతికి వస్తున్నాయని తెలిసి సంతోషించాను. సొవావే ఉన్న ఆ వెనెతో ప్రాంతపు సెల్లార్లలోనే తల నెరిసినవాణ్ని కనుక, తెల్ల వైన్ విషయంలో నీవు అడగకముందే కొన్ని సంగతులు రాస్తున్నాను.

అక్కడి గార్గానెగా విరగకాసే తెల్ల ద్రాక్ష రకం. దాని ఇష్టానికి వదిలితే మోయలేనన్ని గుత్తులు వేసి రసాన్ని పలచబరుస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసి పెరిగిన మనకు దిగుబడి ఎంత పెరిగితే అంత గొప్ప అనిపిస్తుంది గాని, అది తినే పండు లెక్క. సొవావే సుపీరియోరే పేరుతో అమ్మే వైన్‌కు హెక్టారుకు 10 టన్నులు మించరాదని నిబంధనే ఉంది. నన్నడిగితే అంతకన్నా తక్కువే మేలంటాను. అందుచేత శీతకాలపు కత్తిరింపును పనివాళ్లకు వదిలేయక దగ్గరుండి చేయించు. వేసవి నడిమిలో పచ్చి గుత్తులు కొన్ని తీసేయవలసి వచ్చినప్పుడు, ప్రాణం ఉసూరుమన్నా తీసేయి.

అక్కడి పాత పందిళ్లు పీకి తీగలను నిలువు వరసలకు మార్చమనే వారు నీకూ తారసపడతారు. తొందరపడకు. వేసవులు ముదురుతున్న ఈ రోజుల్లో పందిరి ఆకుల నీడే గుత్తులను ఎండదెబ్బ నుంచి కాపాడుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2018లో వారసత్వ సంపదగా గుర్తించినదీ ఆ సంప్రదాయ తోటలనే. గాలి ఆడేటట్లు ఆకు పలచన చేయడం మాత్రం మరవకు, లేకుంటే బూజు పడుతుంది.

సెల్లారులో పండును మెల్లగా పిండించి, రసాన్ని రాత్రంతా చల్లగా నిలిపి, తేటను మాత్రమే తోడి, 16–18 డిగ్రీల దగ్గర పులియనివ్వు. ఆ తరువాత వసంతం దాకా సన్నని ఈస్ట్ మడ్డి మీదనే ఉంచు. ట్యాంకు ఎప్పుడూ అంచుదాకా నిండి ఉండాలి; గాలి తగిలితే రంగు ముదిరి పరిమళం చస్తుంది. గుటక చివర తగిలే లేత బాదం చేదు గార్గానెగా స్వభావం, దాన్ని దోషమనుకోకు.

పంటంతా సొంత సీసాల్లోకే వెళ్లాలనే పంతం వద్దు. అక్కడ చాలామంది రైతులు సహకార సంఘానికే పండు తోలుతారు. నీవు కూడా పై వాలులోని నల్లని అగ్నిపర్వత నేల పండును ఉంచుకుని, తక్కినది సంఘానికి ఇవ్వవచ్చు. రెచోతో అనే తియ్యని వైన్ కోసం గుత్తులను నెలల తరబడి ఆరబెట్టే పని మాత్రం కొంతకాలం మీ మామగారి చేతిలోనే ఉండనీ. ఏ బూజు మేలు చేస్తుందో, ఏది గుత్తిని పాడుచేస్తుందో ఆయన పక్కన నిలబడి, కంటితో చూసి నేర్చుకో.

ఆశీస్సులతో,
మామయ్య