ఆ రైతు అట్లంటడా?

హన్మకొండ

బిడ్డా,

నీ మిర్చి కథ చదివిన. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుల జెండా పాట కోసం, అదే పొద్దుగాల మొదటి వేలం కోసం, రైతులు ఎదురుచూసే తావు బాగా కుదిరింది. కానీ అప్పిచ్చి సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు ముందర ఆ ముసలి రైతు "ఇప్పుడు బంతి మీ కోర్టులో ఉంది సేటూ" అన్నడు. అక్కడ నాకు మనిషి కనబడకుంట పోయిండు.

ఆ మాట టెన్నిస్ ఆటలకెల్లి ఇంగ్లీషులకు వచ్చింది. ఇగ తేల్చాల్సింది నువ్వే అని దాని అర్థం. మన యార్డుల అదే సంగతిని "నీ దయ సేటూ, ముంచినా తేల్చినా నువ్వే" అంటరు. అందుల అప్పున్నది, భయమున్నది, బతిమాలుకోవడమున్నది. బంతిల అవేవీ లేవు. పైగా ఆయన తెచ్చింది చపాటా మిర్చి, 2025ల భౌగోళిక గుర్తింపు వచ్చిన పంట. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. అసొంటి రైతు ముందు రంగు చూపెట్టే బేరమాడుతడు.

"నీలి చంద్రుడు పొడిచినప్పుడే వచ్చే కొడుకు" అని రాసినవ్. మనింట్ల "అమాసకో పున్నానికో" వస్తడు. "కౌలుకు ఒక చెయ్యి, ఒక కాలు పోయినయి" అన్నకాడ "కౌలు మస్తు పిరమైంది" అంటే చాలు.

ఇంగ్లీషు నుంచి వచ్చినయన్నీ తీసెయ్యమని కాదు. తెల్ల ఏనుగు మనదైపోయింది. "బాల్చీ తన్నేశాడు" కూడా ఆ దారినే వచ్చి పాతుకుపోయింది, కానీ అది ఎకసెక్కానికే పనికొస్తది. నీ ముసలాయన చావుకు "కాలం చేసిండు" అనే రాయి. ఇగ ఆ బంతి మాట నీకంత ఇష్టమైతే హైదరాబాదుల సాఫ్ట్‌వేర్ పని చేసే కొడుకు నోట్ల పెట్టు, ఇంగ్లీషులనే. బాపు అర్థంగాక కొడుకు మొఖం చూస్తడు. తండ్రీకొడుకులు ఎంత ఎడమైన్రో వేరే చెప్పే పనుండదు.

ఊరూరి సేద్యపు మాటలు కూడబెట్టి భాషా పండితుడు భద్రిరాజు కృష్ణమూర్తి 1962ల వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చిండు. 1971ల చేనేత మాటలది వచ్చింది. లైబ్రరీల దొరికితే తప్పక చూడు. అయితే పుస్తకంల మాట దొరుకుతది, గొంతు దొరకదు. దానికోసం మిర్చి జోరుగ వచ్చే ఫిబ్రవరిల పొద్దుగాల్నే యార్డుకు పో. కాంటాల కాడ నిలబడు, నోటుబుక్కు తీయకు. తరుగు ఎందుకు తీసిన్రని రైతు అడిగితే హమాలీ ఏమన్నడు, గుమస్తా ఏమన్నడు, ఎవరు మాట మింగిన్రు, అన్నీ ఇంటికొచ్చినంక రాసుకో.

ఆ బేరం తావొక్కటే తిరగరాసి పంపు. జెండా పాట తావు ముట్టకు.

నీ మేలు కోరే
పెద్దనాయిన