పాఠకుల ప్రశ్నలు: పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఏ మార్పు ముందు?

ప్రశ్న: పదిహేనేళ్లు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ ఒకటి కొన్నాను. ఛాసిస్ మీద బాడీ బిగించిన పాత తరహా బండి. ముందూ వెనకా గట్టి ఇరుసులు, లో రేంజ్ గేరు (వేగం తగ్గించి బలం పెంచే గేరు) ఉన్నాయి. రాళ్ల దారుల్లో, ఇసుకలో కొన్ని రోజుల పాటు సాగే ప్రయాణాలకు దీన్ని సిద్ధం చేసుకోవాలని ఉంది. నాలుగు అంగుళాల లిఫ్ట్ (బండిని ఎత్తు చేసే స్ప్రింగులు), పెద్ద టైర్లు, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) వేయించమని మిత్రులు చెబుతున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: మీ మిత్రులు చెప్పినవాటిలో పనికిరానిదంటూ లేదు గానీ, వాటిలో దేన్నీ ఇప్పుడే కొనవద్దని నా సలహా. ఇంత వయసున్న బండిని దారి మధ్యలో ఆపేసేవి పగిలిన రేడియేటర్ హోసు, అరిగిన వీల్ బేరింగు, వదులైన స్టీరింగ్ జాయింటు వంటివే. లిఫ్ట్ వేసినంత మాత్రాన వీటిలో ఒక్కటీ బాగుపడదు, సరికదా వాటి మీద భారం పెరుగుతుంది. కాబట్టి మొదటి ఖర్చు పాత భాగాల మీదే పెట్టండి.

ముందుగా బండి కిందికి దూరి, స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ బిగించిన చోట్లనూ, వెనక ఇరుసు పైన ఛాసిస్ వంపు తిరిగే చోటునూ చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్న చోట శబ్దం మందంగా వస్తుంది, పొరలు రాలతాయి. అలాంటి చోటును కోసి, కొత్త ఇనుము వేసి వెల్డింగు చేయించేదాకా ఏ మార్పూ తలపెట్టకూడదు. తర్వాత ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు కనిపిస్తే బేరింగులు చూపించాలి. పక్కల పట్టుకుని ఊపినప్పుడే లూజు ఉంటే అనుమానం స్టీరింగ్ జాయింట్ల మీదికి పోతుంది. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), రెండు డిఫరెన్షియళ్ల (ఇరుసులో ఉండి రెండు పక్కల చక్రాలకు శక్తి పంచే గేర్లు) ఆయిలు దింపించి దాని రంగు మీరే చూడండి. పాలు కలిపినట్లు తెల్లబారి ఉంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం.

ఇక మార్పుల సంగతికి వస్తే, పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితం చూపేవి టైర్లే. అందులోనూ సైజు కన్నా టైరు రకమూ, అందులో ఉంచే గాలీ ముఖ్యం. తారు రోడ్డు మీద 32 నుంచి 35 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) ఉంచే టైరులో మెత్తటి ఇసుక వచ్చినప్పుడు 18 దాకా తగ్గిస్తే, నేలను ఆనుకునే భాగం పొడవుగా సాగి, బండి కూరుకుపోకుండా ముందుకు కదులుతుంది. అలా తగ్గించినప్పుడు వేగంగా పోకూడదు, గట్టిగా మలుపు తిప్పకూడదు. టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ గాలి నింపాలి గనుక, మంచి కంప్రెసరూ గాలి కొలిచే గేజీ విన్చ్ కన్నా ముందు కొనవలసిన వస్తువులు.

లిఫ్ట్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఎత్తైన స్ప్రింగులు ఛాసిస్‌ను, బాడీని లేపుతాయే తప్ప, రాయికి తగిలే డిఫరెన్షియల్‌ను లేపలేవు, ఎందుకంటే అది ఇరుసులోనే ఉంటుంది. దాన్ని పైకి తెచ్చేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన సైజులో సగం మేరకే. 29 అంగుళాల టైర్లు తీసి 31 అంగుళాలవి వేస్తే డిఫరెన్షియల్ కింద దొరికేది ఒక్క అంగుళం. అదే మార్పు వల్ల స్పీడోమీటర్ 100 చూపుతున్నప్పుడు బండి నిజానికి 107 దాకా పోతుంటుంది, చక్రాలను తిప్పడానికి ఇంజను ఆ మేరకు ఎక్కువ కష్టపడుతుంది. నాలుగు అంగుళాలు లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుకు శక్తిని చేర్చే కడ్డీ) జాయింట్ల కోణం పెరిగి త్వరగా అరుగుతాయి, బ్రేకు హోసులు బిగుసుకుంటాయి, ముందు ఇరుసు కోణం మారి స్టీరింగ్ నిలకడ తప్పుతుంది, పక్క వాలు మీద బండి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. మీ అవసరానికి రెండు అంగుళాలు చాలు.

విన్చ్ ఇప్పటికి వద్దు. దానికన్నా ముందు, ఎంత లాగుడు తట్టుకుంటాయో ముద్రించి ఉన్న రికవరీ పాయింట్లను (ఇరుక్కున్న బండిని లాగడానికి తాడు తగిలించే కొక్కేలను) ముందూ వెనకా ఛాసిస్‌కే బిగించండి. ట్రైలరు తగిలించే టో బాల్‌కు మాత్రం రికవరీ తాడు ఎన్నడూ వేయవద్దు. అది విరిగి ఎగిరివచ్చి మనుషుల ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. ఏది చేర్చినా బరువు లెక్క వేసుకోండి. అరవై లీటర్ల నీళ్లంటేనే అరవై కిలోలు. మనుషులు, సామానుతో సహా మొత్తం బరువు తయారీదారు ఇచ్చిన పరిమితి దాటకూడదు. లిఫ్ట్‌కూ టైరు సైజుకూ మీ ప్రాంతపు రిజిస్ట్రేషన్ నిబంధనలు, బీమా షరతులు ఒప్పుకుంటాయో లేదో ముందే తెలుసుకోండి.

ప్రశ్న: స్నార్కెల్ (ఇంజనుకు గాలిని పైకప్పు ఎత్తు నుంచి తెచ్చే గొట్టం) బిగిస్తే బండి లోతు నీళ్లలో నిర్భయంగా పోగలదా?

జవాబు: పోలేదు. నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి సిలిండర్లోకి చేరితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. స్నార్కెల్ ఆపేది ఆ ఒక్క ముప్పునే, అదీ అతుకులన్నీ నీరు చొరకుండా ఉన్నప్పుడే. నడిచి వేడెక్కిన ఇరుసు చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (ఇరుసు లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) గుండానూ సీళ్ల గుండానూ నీటిని పీల్చుకుంటుంది. ఆ బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఇంజను గది పైభాగం దాకా తీసుకురావడం చాలా చవకైన పని. స్నార్కెల్ కన్నా ముందు అది చేయించండి.

ప్రశ్న: తారు రోడ్డు మీద కూడా ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంచవచ్చా?

జవాబు: మీది పార్ట్ టైమ్ రకమైతే (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకునేది, ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేనిది) పొడి తారు మీద వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మధ్య డిఫరెన్షియల్ లేని బండిలో ఆ తేడా షాఫ్టుల్లో బిగువుగా చేరుతుంది. అలా ఫోర్ వీల్ డ్రైవ్ లివరు పట్టేస్తే బలవంతంగా లాగవద్దు. స్టీరింగ్ తిన్నగా ఉంచి కొద్ది దూరం వెనక్కి నడిపితే బిగువు సడలి లివరు దానంతట అదే వస్తుంది.